ఎక్కకుండా చూసే కొండ

(మెల్‌బోర్న్‌లో తెలుగువాళ్ల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం. చివర్లో సభలోంచి వచ్చిన ప్రశ్నలు కొన్ని ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు మొహమాటపడకండి, ముందుకొచ్చి కూర్చోండి. ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. జూలై సెలవులకి ఉలురుకి, అదే ఈ దేశం నడిమధ్య ఎడారిలో ఉన్న ఆ పెద్ద ఎర్రకొండకి, వెళ్దామనుకుంటున్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. అబ్బో, చాలామందే! పిల్లల్ని తీసుకునేనా? మంచిది.

ఉలురు గురించి నన్ను పలకరించేవాళ్లు సామాన్యంగా మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. "అంత దూరం, అంత డబ్బు పెట్టి వెళ్తే కొండే ఎక్కనివ్వరట కదండీ, ఇంకేముంది అక్కడ?" అని. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ ప్రశ్నకి జవాబనుకోండి. ఎక్కనివ్వకపోవడం, కొన్నిచోట్ల ఫొటో తీయనివ్వకపోవడం, కొన్ని కథలు సగంలో ఆపేయడం, ఇవన్నీ అక్కడి ప్రయాణంలో లోటు కావు. నన్నడిగితే చూడాల్సిన వాటిలో అవీ ఒక భాగమే.

ముందు దారి సంగతి చెప్పేస్తాను, లేకపోతే ఎవరూ వినరు. (నవ్వులు) ఆలిస్ స్ప్రింగ్స్ పక్కనే ఉలురు ఉంటుందనుకుని అక్కడ హోటల్ బుక్ చేసేసుకునేవాళ్లున్నారు. రెండింటికీ మధ్య రోడ్డు మీద 450 కిలోమీటర్లు. స్టూవర్ట్ హైవే మీద దక్షిణంగా వచ్చి, ఎర్ల్‌డండా దగ్గర పడమటికి, లాసెటర్ హైవేకి తిరగాలి. బంకు కనబడ్డ ప్రతిచోటా పెట్రోలు నింపుకోండి, తర్వాతది ఎప్పుడొస్తుందో అని లెక్కలు వేసుకోవద్దు. చీకటిపడ్డాక బండి నడపొద్దు. కంగారూలు, పశువులు, ఒంటెలు రోడ్డెక్కుతాయి. చాలా అద్దె కార్ల ఒప్పందాల్లోనే ఊరి బయట రాత్రిపూట నడపకూడదని రాసి ఉంటుంది, చదువుకోండి. దారిలో ఎడమచేతి వైపు బల్లపరుపుగా ఒక పెద్ద కొండ కనబడుతుంది. కార్లో అందరూ "అదిగో ఉలురు!" అని అరుస్తారు. అది ఉలురు కాదు, మౌంట్ కానర్. ఉలురుకి ఇంకా గంటపైనే ఉంటుంది.

మన మెల్‌బోర్న్ నుంచి నేరుగా వెళ్లే విమానాలూ ఉన్నాయి. దిగేది యులారా అనే చిన్న ఊరు. హోటళ్లు, క్యాంపింగు, సూపర్ మార్కెట్టు అన్నీ అక్కడే, కొండకి ఓ ఇరవై కిలోమీటర్ల దూరంలో. మొదట్లో ఇలా ఉండేది కాదు. 1950ల నుంచి మోటళ్లు, విమానాలు దిగే చోటు అన్నీ కొండ మొదట్లోనే పెట్టేశారు. మట్టి పాడైపోతోంది, నీటిగుంటలు చెడిపోతున్నాయి అని గ్రహించి, 1984లో యులారా కట్టి వసతులన్నీ అక్కడికి తరలించారు. ఇప్పుడు కొండ చుట్టూ కనిపించే నిశ్శబ్దం మళ్లీ తెచ్చిపెట్టుకున్నది.

సరే, కొండ దగ్గరికొద్దాం. నేను జియాలజీ చదువుకున్నదాన్ని, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను, భరించండి.

ఉలురు చుట్టుపక్కల నేల మీంచి 348 మీటర్ల ఎత్తు లేస్తుంది. చుట్టుకొలత 9.4 కిలోమీటర్లు. చాలామంది దీన్ని ఎక్కణ్ణుంచో దొర్లుకొచ్చి పడ్డ ఒంటి బండ అనుకుంటారు. కాదు. నేల అడుగున ఎంతో లోతుకి దిగివున్న రాతి పొరల తలకాయ మాత్రమే మనకి పైకి కనబడుతోంది. సుమారు 55 కోట్ల ఏళ్ల కిందట ఆ ప్రాంతంలో చెట్టూచేమా లేని పెద్ద పర్వతాలుండేవి. ఆ రోజుల్లో భూమి మీద చెట్లు ఇంకా పుట్టనేలేదు. వాన పడ్డప్పుడల్లా గ్రానైటు కొండలు కోసుకుపోయి, ఇసుకా రాళ్లూ మైదానంలోకి విసనకర్రల ఆకారంలో పరుచుకున్నాయి. ఒక విసనకర్ర ఇసుక ఉలురు అయింది. ఇంకొకటి కటా ట్జుటా అనే గుండ్రటి కొండల గుంపు అయింది. అది ఉలురుకి పడమట, ఓ ముప్ఫై కిలోమీటర్ల అవతల ఉంది. తర్వాత 50 కోట్ల ఏళ్ల నాటికి ఆ నేలంతా సముద్రం కిందికి పోయింది. దాని అడుగున చేరిన బురద, ఇసుక బరువుకి కింది పొరలు గట్టిపడి రాయయ్యాయి. ఇంకో పది కోట్ల ఏళ్లు గడిచాక భూమి మళ్లీ ముడతలు పడింది. ఆ ముడతలో కటా ట్జుటా పొరలు కొద్దిగా వాలాయి. ఉలురు పొరలైతే దాదాపు నిట్టనిలువుగా తిరిగిపోయాయి.

అందుకే దగ్గరికెళ్లి చూస్తే కొండ పొడుగునా నిలువు చాళ్లు కనిపిస్తాయి. ఎప్పుడో అడ్డంగా పరుచుకున్న ఇసుక పొరల అంచులే అవి. ఈ రాయిని ఆర్కోజ్ అంటారు, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఎక్కువగా ఉండే ముతక ఇసుకరాయి. మీకింకో మాట చెప్తే నమ్మరు. ఈ రాయి అసలు రంగు బూడిద. మీరు చూసే ఎరుపంతా తుప్పు. రాతిలోని ఇనుము గాలికీ తేమకీ తుప్పుపట్టి పైన ఆ పొర ఏర్పడింది. కొన్ని గుహల్లోపల అసలు బూడిదరంగు ఇప్పటికీ చూడొచ్చు. పొద్దున్నా సాయంత్రం కొండ నిప్పులా మెరిసే ఫొటోలు అందరూ చూసే ఉంటారు. వాటికి కారణం ఏటవాలు ఎండలోని ఎరుపూ, ఈ తుప్పూ రెండూ కలవడమే.

ఇది నేను చదువుకున్న కథ. ఆ కొండ సొంతవాళ్లది వేరే కథ. రెంటినీ కలిపి వండొద్దని నా మనవి. ఏది దాని చోట దానికుంది.

ఆ సొంతవాళ్లు అనంగు. పిట్జంట్జట్జర, యంకునిట్జట్జర భాషలు మాట్లాడతారు. మొదట్లో నోరు తిరగదు, ఫరవాలేదు. పలకరింపుకీ, సరే అనడానికీ "పల్య" అంటారు, అదొక్కటి నేర్చుకుని వెళ్లండి. వాళ్ల బతుకంతటికీ ఆధారమైనదాన్ని ట్జుకుర్ప అంటారు. పూర్వీకుల సృష్టి కథలూ, ఎవరు ఎవరికి ఏమవుతారన్న వరసలూ, ఏ నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, ఏ గడ్డి ఎప్పుడు కాల్చాలి, తప్పుచేస్తే ఏమవుతుంది, అన్నీ అందులోనివే. చట్టం, బడి, గుడి అన్నీ అదే. అది పుస్తకంలో ఉండదు. నేల మీద ఉంటుంది. ఆ గుహ, ఈ పగులు, ఫలానా మచ్చ, ఒక్కొక్కటీ ఒక్కో ఘట్టానికి గుర్తు.

వాళ్లు బయటివాళ్లకి చెప్పడానికి ఒప్పుకున్న కథల్లో ఒకటి చెప్తాను, ఎందుకంటే ఎక్కడం గురించిన గొడవంతా దాంతోనే ముడిపడి ఉంది. మలా అని కుందేలంత చిన్న వాలబీ, అంటే కంగారూ జాతి జంతువు, ఒకటుంది. ఆదిలో మలా జనం ఉత్తరాన్నుంచి ఉలురుకి వచ్చారు, ఇన్మా అనే తంతు జరపడానికి. మగవాళ్లు కొండెక్కి తంతు స్తంభాన్ని పాతారు. అంటే ఇన్మా మొదలైపోయినట్టే. ఇంతలో పడమట నుంచి వింటల్క జనం తరఫున ఇద్దరొచ్చి, మా దగ్గర ఇంకో తంతు ఉంది రండి అని పిలిచారు. మలా జనం, మాది మొదలైపోయింది, మధ్యలో ఆపకూడదు, రాలేం అన్నారు. పిలిచినవాళ్లకి అవమానమైంది. తిరిగెళ్లి మంత్రాలతో కుర్పన్య్ అనే భయంకరమైన కుక్కలాంటి దాన్ని సృష్టించి వదిలారు. లూన్ప అనే లకుముకి పిట్ట స్త్రీ అది రావడం చూసి కేకలేసి హెచ్చరించింది. ఎవరూ వినిపించుకోలేదు. కుర్పన్య్ మీదపడి కొందర్ని చంపింది. మిగతావాళ్లు దక్షిణానికి పారిపోయారు. కేకపెట్టిన లూన్ప ఇప్పటికీ రాయిగా అక్కడుంది, నడకదారిలో చూపిస్తారు.

ఇప్పుడు ఆలోచించండి. పర్యాటకులు అన్నేళ్లు ఇనప గొలుసు పట్టుకుని ఎక్కిన దారి ఏదనుకున్నారు? ఆ మలా మగవాళ్లు తంతు కోసం ఎక్కిన దారే. 1964లో ఆ గొలుసు పాతారు, 1976లో ఇంకా పైకి పొడిగించారు. కొండ సొంతవాళ్లు తంతుకి సంబంధం లేకుండా ఎప్పుడూ ఎక్కని దారిలో, బయటి ఊళ్లవాళ్లంతా టోపీలు పెట్టుకుని వరసలు కట్టి ఎక్కారు.

మనకిది అర్థం కాకపోవడానికి ఏమీ లేదు. తిరుమల మెట్లదారిలో మోకాళ్ల పర్వతం ఉంది కదా. ఆ కొండే సాక్షాత్తూ దైవస్వరూపమనీ, దాని మీద పాదం మోపకూడదనీ రామానుజాచార్యులు మోకాళ్ల మీద ఎక్కారని మన పెద్దలు చెప్పుకుంటారు. ఎక్కడానికి మనసొప్పని కొండ మన దగ్గరా ఉంది. ఇంతకంటే ఈ పోలికని లాగను. ఎందుకంటే పోలిక ఎక్కువైతే ఇంకో జబ్బు వస్తుంది. ఉలురు అసలు శివలింగమనీ, కటా ట్జుటా మన పురాణాల్లో ఉందనీ వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, మీకూ వచ్చే ఉంటుంది. దయచేసి ముందుకు పంపకండి. ఆ కొండకి కథలు లేక కాదు, వేల ఏళ్లుగా ఉన్నాయి. వాటి మీద మన కథ పరచడం, నూట యాభై ఏళ్ల కిందట తెల్లదొర తనవాళ్ల పేరు పరచడం కంటే మర్యాదైన పనేం కాదు.

ఆ పేరు సంగతి కూడా. 1873 జూలైలో విలియం గాస్ అనే సర్వేయరు ఇక్కడికొచ్చి, దక్షిణ ఆస్ట్రేలియా చీఫ్ సెక్రటరీ హెన్రీ ఎయర్స్ పేరు మీద ఎయర్స్ రాక్ అని పెట్టాడు. గాస్‌తో పాటు కొండెక్కినవాడు ఒంటెలు తోలే అఫ్గాన్ మనిషి, ఖమ్రాన్. ఇది నాకెప్పుడూ తమాషాగా ఉంటుంది. ఇంగ్లీషువాడు ఎడారి దాటాలంటే ఒంటెలు కావాలి. ఒంటెలు 1860లో అప్పటి మన హిందూస్థాన్‌లోని కరాచీ నుంచి ఓడలెక్కి ఈ మెల్‌బోర్న్‌కే వచ్చాయి. వాటివెంట వచ్చిన బలూచీలు, పఠాన్లు, పంజాబీలు, అందరినీ ఒకే గాటన కట్టి అఫ్గాన్లన్నారు. ఆలిస్ స్ప్రింగ్స్ రైలుకి ది ఘాన్ అని పేరు వాళ్ల మీదనే వచ్చింది. లారీలొచ్చాక ఒంటెల్ని వదిలేశారు, వాటి సంతానమే ఇప్పుడు ఎడారిలో అడవి ఒంటెలై తిరుగుతోంది, అనంగు నీటిగుంటల్ని తొక్కి పాడుచేస్తోంది. కాబట్టి ఎడారికి మన ఉపఖండానికీ సంబంధం ఉంది. కాకపోతే అది గర్వంగా చెప్పుకునే రకం సంబంధం కాదు.

పేరు రెండుసార్లు మారింది. 1993లో ఎయర్స్ రాక్ / ఉలురు అన్నారు. 2002లో వరస తిప్పి ఉలురు / ఎయర్స్ రాక్ చేశారు.

ఇప్పుడు భూమి ఎవరిదన్న విషయం. దీని మీద ఎక్కువసేపు మాట్లాడతాను, టూరు గైడ్లు రెండు వాక్యాల్లో దాటేస్తారు కాబట్టి. 1920లో ఆ ప్రాంతాన్ని ఆదివాసుల కోసమని రిజర్వుగా పెట్టారు. 1950ల్లో పర్యాటకం లాభం కనిపించాక, 1958లో ఉలురునీ కటా ట్జుటానీ ఆ రిజర్వులోంచి కత్తిరించి నేషనల్ పార్కు చేసేశారు. అనంగు తమ సొంత చోట అడ్డంగా ఉన్నవాళ్లయ్యారు. 1976లో ఉలురు ఉన్న నార్తర్న్ టెరిటరీకి ఆదివాసీ భూహక్కుల చట్టం వచ్చింది, అయితే పార్కు దాని పరిధిలోకి రాదన్నారు. 1983లో ప్రధాని బాబ్ హాక్ తిరిగిస్తామని మాట ఇచ్చారు. ఇచ్చిన హామీల్లో కొండెక్కడం ఆపడం కూడా ఉంది. తీరా ఒప్పందం దగ్గరికొచ్చేసరికి ఎక్కడం అలాగే కొనసాగాలన్నారు, పార్కుని 99 ఏళ్లకి ప్రభుత్వానికి తిరిగి కౌలుకివ్వాలన్నారు. 1985 అక్టోబరు 26న గవర్నర్ జనరల్ నినియన్ స్టీఫెన్ కొండ నీడలో పట్టా అనంగు చేతికిచ్చారు. అదే సభలో వాళ్లు కౌలు పత్రం మీద సంతకాలు పెట్టారు. పైన ఒక చిన్న విమానం, ఈ రాయి ఆస్ట్రేలియన్లందరిదీ అన్న బ్యానరు లాక్కుంటూ తిరుగుతోంది.

పట్టా ఒక చేత్తో తీసుకుని అదే క్షణంలో కౌలుకివ్వడం గురించి మీకేమనిపిస్తుందో నాకు తెలియదు. నాకు మాత్రం అది సగం న్యాయం. కానీ ఆ సగంతో అనంగు ఏం చేశారో చూడండి. పార్కు నడిపే బోర్డులో పన్నెండు మంది, అందులో ఎనిమిది మంది అనంగు. బోర్డులో మెజారిటీ ఉంది కదా అని మర్నాడే ఎక్కడం ఆపేయలేదు. దారి మొదట్లో ఒక పలక పెట్టారు, దయచేసి ఎక్కవద్దని. మా ఇంట్లో అతిథులు మీరు, మీకేమైనా అయితే ఆ దుఃఖం మాది అని. నిజంగానే అయ్యేది. ఎక్కుతూ, దిగుతూ కనీసం 37 మంది చనిపోయారు, గుండె ఆగి కొందరు, జారిపడి కొందరు.

1990లలో వచ్చినవాళ్లలో నూటికి డెబ్బై మందికి పైగా ఎక్కేవాళ్లు. ఆ పలక చదివి ఆగేవాళ్లు ఏటేటా పెరుగుతూ వచ్చారు. ఎక్కేవాళ్లు నూటికి ఇరవైకి తగ్గితే దారి మూసేయొచ్చని పార్కు ప్రణాళికలో రాసుకున్నారు. 2015 నాటికి అది 16కి వచ్చింది. 2017 నవంబరు 1న బోర్డు ఏకగ్రీవంగా నిర్ణయించింది. అప్పటి బోర్డు అధ్యక్షుడు సామీ విల్సన్ అన్నది, ఇది చాలా ముఖ్యమైన చోటు, డిస్నీల్యాండ్ లాంటి ఆటస్థలం కాదు అని. 2019 అక్టోబరు 26న, పట్టా ఇచ్చిన రోజుకి సరిగ్గా 34 ఏళ్లకి, శాశ్వతంగా మూసేశారు. ఆఖరి వారాల్లో ఎగబడిన జనం ఫొటోలు మీరు పేపర్లలో చూసే ఉంటారు. వాటి గురించి నేనేం మాట్లాడను. గొలుసు పీకేశారు. వేల బూట్లు రాసుకుని తుప్పు పొర అరిగిపోయిన తెల్లటి గీత మాత్రం కొండ భుజం మీద ఇంకా ఉంది, ఎన్నాళ్లకి ఎర్రబడుతుందో.

ఎక్కడం వల్ల ఇంకో నష్టం కూడా ఉండేది, దాన్ని ఎవరూ సభల్లో చెప్పరు, మర్యాద కాదని. పైన మరుగుదొడ్డి లేదు. (నవ్వులు) నవ్వకండి, నిజం. గంటల తరబడి పైన తిరిగే జనం ఏం చేస్తారు? వాన పడితే అదంతా కడుక్కుని ఎక్కడికి పోతుంది? కింద నీటిగుంటల్లోకి. ఏడాదికి సుమారు 300 మిల్లీమీటర్లే వాన పడే చోట ఆ గుంటలే పక్షులకీ జంతువులకీ ఆధారం. పైన రాతిగుంటల్లో డాలు ఆకారంలో వీపున్న చిన్న రొయ్యలుంటాయి. గుడ్లు ఎండలో దుమ్ములా పడివుంటాయి, ఏళ్లకేళ్లు. వానపడి గుంట నిండితే పొదిగి, పెరిగి, మళ్లీ గుడ్లు పెట్టి, నీళ్లు ఎండేలోపు బతుకు ముగించేస్తాయి. అక్కడ బతకాల్సినవి అవీ.

మరి ఎక్కకపోతే ఏం చేయాలి? చుట్టూ నడవాలి. పూర్తి నడక 10.6 కిలోమీటర్లు, మూడు నాలుగు గంటలు. చలికాలంలో పొద్దున్నే మొదలుపెడితే హాయిగా ఉంటుంది. దూరం నుంచి నున్నగా కనబడే కొండ, పక్కనే నడుస్తుంటే ఒక్కో మలుపుకి ఒక్కోలా ఉంటుంది. తేనెపట్టులాంటి గుంతలు, అలలా ఒంగిన గుహలు, మధ్యలో పచ్చటి చెట్ల మడతలు. పైనుంచి నల్లటి చారలు దిగుతుంటాయి, వానప్పుడు నీళ్లు దూకే దారులు, నాచు పట్టి నల్లబడ్డాయి. వాన పడుతున్నప్పుడు అక్కడుండే అదృష్టం దక్కితే కొండ ఊదారంగుకి తిరిగి పదుల కొద్దీ జలపాతాలు ఒకేసారి దూకుతాయి.

దక్షిణం వైపు ముటిట్జులు నీటిగుంట ఉంది. కునియ అనే కొండచిలువ స్త్రీ, లిరు అనే విషసర్పాల జనం కథ అక్కడిది. తన మేనల్లుణ్ణి ఈటెలతో పొడిచినందుకు కునియ కోపంతో నాట్యమాడుతూ వచ్చి లిరు యోధుణ్ణి తన తవ్వుకర్రతో కొట్టింది. ఆ దెబ్బలు రాతి మీద రెండు నిలువు పగుళ్లుగా ఉన్నాయి. అంత చల్లటి చోటు. ఆ గుంట పక్కనే 1934లో ఒక పోలీసు కానిస్టేబులు, పారిపోయిన ఒక అనంగు యువకుణ్ణి కాల్చి చంపాడు. మరుసటి ఏడు విచారణ జరిగింది, చట్టరీత్యా తప్పు లేదన్నారు. ఆ యువకుడి ఎముకల్ని అడిలైడ్ తీసుకెళ్లి దాచారు. 2022లో వాటిని తెచ్చి ఉలురు దగ్గర ఖననం చేశారు. ఎనభై ఎనిమిదేళ్లకి. కునియ కథతో పాటు ఇది కూడా మీ పిల్లలకి చెప్పండి, వయసు చూసుకుని.

నడకదారిలో కొన్నిచోట్ల బోర్డులుంటాయి, ఇక్కణ్ణుంచి అక్కడిదాకా ఫొటోలూ వీడియోలూ తీయవద్దని. కొన్ని మగవాళ్ల చోట్లు, కొన్ని ఆడవాళ్ల చోట్లు. అక్కడి రాతి ఆకారాలు వాళ్లకి పవిత్ర గ్రంథాల్లాంటివి. వాటిని అక్కడికెళ్లి చూడాల్సినవాళ్లే చూడాలి, ఇంకెక్కడా బొమ్మగా కూడా చూడకూడదు. అనంగు ఆడమనిషి పొరపాటున టీవీలోనో క్యాలెండరులోనో మగవాళ్ల చోటు చూసినా తప్పే. మీ కెమెరా మీదే కావచ్చు, ఆ ఫొటో చూడబోయే కళ్లు ఎవరివో మీకు తెలియదు. డ్రోను ఎగరేయడానికి అసలే వీల్లేదు. యూట్యూబు ఛానెళ్లున్న తమ్ముళ్లు ఇద్దరు ముగ్గురు నా ఎదురుగానే కూర్చున్నారు, వాళ్లని చూసే చెప్తున్నాను. (నవ్వులు)

కటా ట్జుటా దగ్గర ఇంకా నిశ్శబ్దం. ముప్ఫై ఆరు గుండ్రటి గుమ్మటాలు. అన్నిటికంటే పెద్దది నేల మీంచి 546 మీటర్లు, ఉలురు కంటే ఎత్తు. రాయి కూడా వేరు. గులకరాళ్లు, బండలు, ఇసుక ముద్దకట్టి గట్టిపడ్డది, కాంగ్లోమరేట్ అంటాం. ఇక్కడి కథ? చెప్పరు. దీక్ష తీసుకున్న మగవాళ్లకే చెందిన జ్ఞానం అది, బయటివాళ్లకి ఒక్క ముక్క కూడా ఇవ్వరు. గైడ్ కూడా రాళ్ల గురించీ మొక్కల గురించీ చెప్పి ఊరుకుంటాడు. మొదట కాస్త చిన్నతనంగా అనిపిస్తుంది, టిక్కెట్టు కొన్నాం కదా అని. తర్వాత గాలుల లోయలో నడుస్తుంటే, ప్రతిదానికీ వివరణ చెవిలో పడకపోవడం ఎంత సుఖమో తెలుస్తుంది. ఆ లోయ నడక 7.4 కిలోమీటర్లు. వేడి 36 డిగ్రీలు దాటుతుందని అంచనా ఉన్న రోజు పదకొండింటికి లోపలి దారి మూసేస్తారు. రేంజర్లతో వాదించకండి.

దాచుకోవడం అన్నాను కాబట్టి బొమ్మల సంగతి ఒక మాట. ఆలిస్ స్ప్రింగ్స్‌లో చుక్కల చిత్రాలు కొంటారు కదా. 1971లో పపున్యా అనే ఊళ్లో పెద్దవాళ్లు అట్టల మీద, చెక్కల మీద రంగులతో గీయడం మొదలుపెట్టారు. తొలి చిత్రాల్లో బయటివాళ్లు చూడకూడనివి కనబడుతున్నాయని ఇతర ఆదివాసీ పెద్దలు అభ్యంతరం చెప్పారు. ఆ తర్వాత చుక్కలు దట్టమయ్యాయి. మనం అందం అనుకునే చుక్కల్లో కొంత తెర కూడా ఉంది. కొనేటప్పుడు గీసినవాళ్ల పేరు, ఏ ఆర్ట్ సెంటర్ నుంచి వచ్చిందో అడిగి కొనండి.

నేలని చూసుకోవడం కూడా ట్జుకుర్పలో భాగమే అన్నాను. దానికి రుజువు మంటలు. అనంగు చలికాలంలో చిన్న చిన్న మళ్లుగా గడ్డి కాల్చేవాళ్లు. ఒకచోట కాలింది, ఒకచోట లేత గడ్డి, ఒకచోట ముదురు పొదలు, అలా అతుకుల బొంతలా ఉండేది. పార్కు వచ్చాక వాళ్లని పంపేశారు, కాల్చడం ఆగిపోయింది. 1970ల మొదట్లో వానలు దండిగా పడి స్పినిఫెక్స్ గడ్డి మోకాళ్లెత్తు పెరిగింది. 1976లో పిడుగు మంటలు అంటుకుంటే పార్కులో నాలుగింట మూడు వంతులు తగలబడింది. అప్పుడు రేంజర్లు వెళ్లి పెద్దల్ని అడిగారు, ఎలా కాల్చేవాళ్లు మీరు అని. ఇప్పుడు ఇద్దరూ కలిసి కాలుస్తారు. మీకు దారిలో నల్లగా కాలిన మడి కనిపిస్తే అయ్యో అనుకోకండి. ఆ మలా వాలబీ కూడా, పెంపుడు పిల్లులు అడవెక్కినవీ నక్కలూ తినేసి, ఈ ప్రాంతంలో పూర్తిగా మాయమైపోయింది. 2005లో 170 హెక్టార్లకి కంచె కట్టి మళ్లీ తెచ్చి వదిలారు. కథ ఉండి అందులోని జంతువు లేకపోవడం అక్కడి పెద్దలకి ఎలా ఉండేదో మనం ఊహించుకోవలసిందే.

కింగ్స్ కాన్యన్ గురించి త్వరగా చెప్పేస్తాను, టైమైపోతోందని సైగ చేస్తున్నారు. ఉలురు నుంచి 300 కిలోమీటర్లు, లురిట్జ వాళ్ల నేల. అంచు మీద 6 కిలోమీటర్ల నడక. మొదట్లోనే నిట్టనిలువు మెట్లున్నాయి, అవి దాటితే మిగతాది తేలిక. మధ్యలో లోయలోకి దిగితే ఎడారిలో ఊహించని నీళ్లు, ఈతచెట్లలా కనబడే సైకాడ్లు. రోజు మిగిలితే వెళ్లండి, ఉలురు దగ్గర ఒక రోజు తగ్గించుకుని మాత్రం వెళ్లకండి. ఒక్కరోజులో సూర్యోదయం, సూర్యాస్తమయం, నడక, దీపాల షో, అన్నీ కుక్కేవాళ్లు ఇంటికొచ్చాక కారు పార్కులే గుర్తుంచుకుంటారు.

ఇక ప్రశ్నలు.

(సభలోంచి: మేడమ్, చిన్న రాయి ఒకటి గుర్తుగా తెచ్చుకుంటే?)

చట్టరీత్యా నేరం, జరిమానా ఉంది. అంతకంటే ఆసక్తికరమైన సంగతి, తీసుకెళ్లినవాళ్లే పార్కుకి పోస్టులో తిప్పి పంపుతుంటారు, ఉత్తరాలతో సహా. క్షమించండి అనీ, తీసుకెళ్లినప్పట్నుంచి ఇంట్లో ఏదీ కలిసిరాలేదనీ రాస్తారు. వాటికి సారీ రాక్స్ అని పేరే పడిపోయింది. ప్రపంచం నలుమూలల్నుంచీ వస్తాయి. సిబ్బందికి అదొక అదనపు చాకిరీ. ఏ రాయి ఎక్కడిదో తెలియక తిరిగి దాని చోట పెట్టడానికీ ఉండదు. కల్చరల్ సెంటర్‌లో దుకాణాలున్నాయి, గుర్తుకి కావలసింది అక్కడ కొనుక్కోండి. మట్టి ఇటుకలతో రెండు పాముల ఆకారంలో కట్టారు దాన్ని, అసలు నడకకి ముందే అక్కడికెళ్లడం మేలు.

(సభలోంచి: ఉలురు స్టేట్‌మెంట్ అని ఓటింగ్ జరిగింది కదా, అది దీని గురించేనా?)

ఆ ప్రకటన 2017లో ఉలురు దగ్గర జరిగిన ఆదివాసుల సమావేశంలో వెలువడింది. పార్లమెంటుకి సలహా ఇచ్చే వేదిక ఒకటి రాజ్యాంగంలో ఉండాలన్నది అందులో ఒక కోరిక. 2023 అక్టోబరు 14న దాని మీద రెఫరెండం జరిగింది, ఓడిపోయింది. ఇక్కడ పౌరసత్వం ఉన్నవాళ్లంతా ఆ రోజు ఓటేసే ఉంటారు. ఎటు వేశారో నేనడగను. అక్కడికెళ్లినప్పుడు మాత్రం ఆ తేదీ గుర్తుపెట్టుకోండి.

(సభలోంచి: ఎంట్రన్స్ ఫీజు వాళ్లకి పోతుందా, ప్రభుత్వానికా?)

నాలుగో వంతు అనంగుకి, మిగతాది పార్కు నిర్వహణకి. పక్కనే ముటిట్జులు అనే వాళ్ల ఊరుంది, అక్కడికి పర్మిట్ లేకుండా వెళ్లకూడదు. "అసలైన ఆదివాసులు ఎక్కడుంటారు, చూపిస్తారా?" అని అడిగేవాళ్లని నేను విన్నాను. వాళ్లు చూపించే వస్తువులు కారు. వాళ్లే నడిపే టూర్లున్నాయి, వాటిలో చేరండి. మాట్లాడాలనిపిస్తే వాళ్లే మాట్లాడతారు.

(సభలోంచి ఒక పెద్దావిడ: అమ్మా, మా ఆయనకి మోకాళ్ల నొప్పులు. మేం వెళ్లి ఏం చేస్తాం, బస్సులో కూర్చోవడమేనా?)

అదేం మాట పిన్నిగారూ! పదిన్నర కిలోమీటర్లు అందరూ నడవక్కర్లేదు. ముటిట్జులు గుంట దగ్గరికి రానూపోనూ ఒక్క కిలోమీటరు, చదునుగా ఉంటుంది, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. మలా దారి రానూపోనూ రెండు కిలోమీటర్లు, అదీ అంతే. దాంట్లో రేంజరు వెంట నడిచే ఉచిత నడక ఉంటుంది, టైము సీజన్ని బట్టి మారుతుంది, ముందురోజే కల్చరల్ సెంటర్‌లో కనుక్కోండి. మధ్యమధ్య బెంచీలున్నాయి. జూలైలో పొద్దున సున్నాకి దగ్గర్లో ఉంటుంది, బాబాయిగారికి మంకీ క్యాప్ మర్చిపోకండి. నీళ్లు మనిషికి గంటకో లీటరు చొప్పున పెట్టుకోండి, చలిగా ఉన్నా సరే. పులిహోర కట్టుకెళ్తే మరీ మంచిది, కాకపోతే తిన్నాక కవరు అక్కడ వదలకుండా తెచ్చుకోండి.